చెట్టులో రెండు దారులు

ఒక ఊళ్ళో అత్తా కోడళ్ళు ఉన్నారు. వాళ్ళ పెరట్లో రెండు చెట్లు ఉండేవి. ఒకటి నేరేడు, ఇంకొకటి మామిడి.

నేరేడు చెట్టు అత్త చేత్తో నాటింది. కాపురానికి వచ్చిన ఏడు నాటింది. కన్నబిడ్డలా పెంచుకుంది.

నేరేడు బెరడు షుగరు జబ్బుకు మంచిదని ఊళ్ళో ఎవరో చెప్పారు. ఇక చూడండి, వచ్చిన వాళ్ళు వచ్చినట్టు బెరడు చెక్కుకుపోయారు. మొదలు చుట్టూ మూరెడు మేర బెరడు లేకుండా పోయింది. లోపలి తెల్ల చెక్క బయటపడింది.

"పోతే పోయిందిలే. పై తోలే కదా!" అనుకుంది అత్త.

అప్పుడు దసరా రోజులు. చెట్టుకు ఏమీ కాలేదు. ఆకు పచ్చగానే ఉంది. పైగా ఆ వేసవికి చెట్టు విరగకాసింది.

పక్కింట్లో ఒకావిడ ఉంది. భర్త పోయి ఒంటరిగా బతుకుతోంది. ఆమె గోడ అవతల నుంచి చూసింది. "ఎంత కాపు వదినా! కొమ్మలు వంగిపోతున్నాయి" అంది.

ఆ తర్వాత ఆకులు పసుపు పచ్చగా మారాయి. కొమ్మలు ఒక్కొక్కటే ఎండాయి. మరుసటి వేసవికి చెట్టు నిలువునా ఎండిపోయింది. మొదట్లో నాలుగు చిగుళ్ళు వచ్చాయి. వాటిని మేకలు తినేశాయి.

"దాని కళ్ళు పడ్డాయి. దిష్టి కొట్టింది" అంది అత్త.

అంతే. పక్కింటావిడతో మాటలు మానేసింది. ఆ మాట ఊరంతా పాకింది. ఆమె ఎదురొస్తే పసిబిడ్డలకు కొంగు కప్పేవారు. ఆమె వీధిలోకి వస్తే పాడి గేదెను మరుగుకు తోలేవారు. మూడేళ్ళు ఇలాగే గడిచాయి.

కోడలికి ఇది నచ్చలేదు. కానీ చెట్టు ఎందుకు ఎండిందో ఆమెకూ తెలియదు. తెలియకుండా అత్తకు ఎలా ఎదురు చెబుతుంది?

కోడలు రాత్రిపూట చదువుల కేంద్రానికి వెళుతోంది. ఒకరోజు అక్కడ అడిగింది.

"టీచరమ్మా, చెట్టుకు దిష్టి తగులుతుందా?"

టీచరమ్మ నవ్వలేదు. "చెట్టు ఎలా తాగుతుందో, ఎలా తింటుందో ముందు చూద్దాం అక్కా. ఆ తర్వాత మీరే చెప్పండి" అంది.

నీళ్ళు ఎక్కే దారి

మర్నాడు టీచరమ్మ రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో మామూలు నీళ్ళు పోసింది. రెండోదాంట్లో ఎర్ర సిరా కలిపిన నీళ్ళు పోసింది. రెండిట్లోనూ కాడతో ఉన్న తెల్ల చామంతి పెట్టింది. ఎర్ర నీళ్ళలో లేత తోటకూర కాడ ఒకటి కూడా పెట్టింది.

మరుసటి రాత్రి అందరూ వచ్చి చూశారు. మామూలు నీళ్ళలో ఉన్న పువ్వు తెల్లగానే ఉంది. ఎర్ర నీళ్ళలో ఉన్న పువ్వు రేకుల మీద ఎర్ర గీతలు వచ్చాయి. తోటకూర కాడను అడ్డంగా కోశారు. కోసిన చోట ఎర్రటి చుక్కలు కనిపించాయి. నిలువుగా చీల్చారు. ఎర్రటి గీతలు కనిపించాయి.

"కాడంతా ఎర్రబడలేదు. చుక్కలు చుక్కలుగానే ఉందేం?" అని ఒక పెద్దమ్మ అడిగింది.

"నీళ్ళు కాడంతా పాకవు పెద్దమ్మా. వాటికి సన్నని గొట్టాలు ఉంటాయి. ఆ గొట్టాల్లోనే ఎక్కుతాయి. కోసినచోట గొట్టాలు చుక్కల్లా కనిపిస్తాయి. చీల్చితే గీతల్లా కనిపిస్తాయి" అంది టీచరమ్మ.

ఈ గొట్టాలు మనం రోజూ చూసేవే. ముదిరి ఎండిన బీరకాయ పీచుతో ఒళ్ళు రుద్దుకుంటాం కదా! ఆ పీచు గొట్టాల అల్లికే. ఆకులో కనిపించే ఈనెలు కూడా గొట్టాల కట్టలే. రావి ఆకును చాలా రోజులు నీళ్ళలో నానబెడితే పచ్చదనం కుళ్ళిపోతుంది. వల లాంటి ఈనెలు మిగులుతాయి.

మామిడి, వేప, చింత లాంటి చెట్లలో నీటి గొట్టాలు బెరడు కింద ఉండే చెక్కలో ఉంటాయి. ఈ భాగాన్ని దారువు అంటారు. చెట్టు మధ్యలో నల్లబడి గట్టిపడిన చేవలో నీళ్ళు పారవు. చేవకు బయట ఉన్న లేత చెక్కలోనే పారతాయి. అందుకే తొర్ర పడిన చింతచెట్టు కూడా పచ్చగా బతుకుతుంది. తొర్రలో పోయింది నడిమి చెక్క. నీళ్ళ దారి బయటివైపు పదిలంగా ఉంది.

పైకి లాగేది ఎవరు?

మన ఒంట్లో గుండె ఉంది. అది రక్తాన్ని తోస్తుంది. చెట్టుకు గుండె లేదు. మోటారు లేదు. మరి నీళ్ళు అంత ఎత్తుకు ఎలా ఎక్కుతాయి?

ఆకు అడుగున కంటికి కనిపించనంత చిన్న నోళ్ళు ఉంటాయి. వాటిని పత్రరంధ్రాలు అంటారు. ఎండ కాసే వేళ వాటి గుండా నీరు ఆవిరై పోతుంది. ఆకులో నీరు తగ్గుతుంది. అప్పుడు ఆకు కింది నుంచి నీటిని లాగుతుంది. కొబ్బరి బోండాంలో గొట్టం పెట్టి పీలిస్తే నీళ్ళు పైకి రావా? అలాగే. ఆకు లాగితే కొమ్మ నుంచి వస్తుంది. కొమ్మ లాగితే మాను నుంచి వస్తుంది. మాను లాగితే వేరు నుంచి వస్తుంది. నీటి బొట్లు ఒకదానినొకటి పట్టుకుని తెగని దారంలా పైకి వస్తాయి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 115 మీటర్ల ఎత్తు పెరిగిన చెట్లు ఉన్నాయి. అంటే నాలుగు పెద్ద కొబ్బరి చెట్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత. వాటి కొన ఆకుకు కూడా నీళ్ళు ఇలాగే అందుతాయి.

వేరు 100 చెంబుల నీళ్ళు తాగితే 97 చెంబులకు పైగా ఆవిరై గాలిలో కలిసిపోతాయి. చెట్టు దగ్గర మిగిలేది కొద్దిగానే. చెట్టు నీడ గుడిసె నీడ కన్నా చల్లగా ఉండేది ఇందుకే.

నీళ్ళతో వచ్చే ఉప్పులు

మట్టిలో చెట్టుకు కావలసిన లవణాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ ముఖ్యమైనవి. మనం వేసే పశువుల ఎరువులో ఇవి ఉంటాయి. యూరియాలో మాత్రం నత్రజని ఉంటుంది. చెట్టుకు పళ్ళు లేవు. నమలలేదు. నీళ్ళలో కరిగిన వాటినే తీసుకుంటుంది.

వేరు చివర నూగులాంటి సన్నని పోగులు ఉంటాయి. వాటిని మూలకేశాలు అంటారు. నీటినీ, లవణాలనూ ఎక్కువగా తీసుకునేవి ఇవే. తెగితే మొక్క దాహంతో వాలిపోతుంది. మిరప నారు, టమాటా నారు పీకి నాటితే తల వాల్చేది ఇందుకే. కాబట్టి మడి తడిపి, మట్టితో సహా నారు పీకాలి. ఎండ తగ్గాక, సాయంత్రం పూట నాటాలి. ఆకు నుంచి ఆవిరి తక్కువ పోతుంది. మొక్క తేరుకుంటుంది.

నేల పొడిగా ఉన్నప్పుడు ఎరువు చల్లితే మొక్కకు అందదు. తడి ఉండాలి. అలాగని మొదట్లో గుప్పెడు యూరియా పోసినా ప్రమాదమే. ఎందుకంటారా? ఊరగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తాం. ఏమవుతుంది? ముక్కల్లోని నీరు బయటికి ఊరుతుంది. వేరు చుట్టూ యూరియా ఎక్కువైనా అంతే. వేరు నీళ్ళు తాగడం మాట అటుంచి, వేరులోని నీరే బయటికి పోతుంది. మొక్క మాడిపోతుంది.

ఆహారం దిగే దారి

చిలగడదుంప మట్టిలో పెరుగుతుంది. ఎండ ముఖం చూడదు. మరి దానికి ఆ తీపి ఎక్కడిది?

ఆకు పంపింది.

ఆకు చెట్టుకు వంటిల్లు. వేరు పంపిన నీళ్ళున్నాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఉంది. ఎండ పొయ్యి ఉంది. వీటితో ఆకు చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరే చెట్టుకు ఆహారం. వంట ఒకచోట జరిగినా ఇంట్లో అందరూ తినాలి కదా! వేరు తినాలి. పువ్వు తినాలి. కాయ తినాలి. కొత్త చిగురు తినాలి.

ఈ ఆహారం వెళ్ళే దారి వేరు. అది చెక్కలో లేదు. బెరడు లోపలి పొరలో ఉంది. ఈ పొరను పోషక కణజాలం అంటారు. గోగు కట్టెలు నానబెట్టి నార తీస్తాం కదా! నార ఉండేది ఈ పొరలోనే. నార వలిచాక మిగిలే పుల్ల చెక్క భాగం. అంటే గోగు నార తీసేటప్పుడు మనం ఈ రెండు దారులనూ విడదీస్తున్నాం.

చక్కెర పాకం ఆకు దగ్గర ఎక్కువగా ఉంటుంది. పక్క గొట్టాల నుంచి నీరు వచ్చి అందులో చేరుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి పాకాన్ని అవసరమైన చోటికి తోస్తుంది. కింద ఉన్న వేరుకు తోస్తుంది. పైన ఉన్న కాయకూ తోస్తుంది. నీటి దారి పైకే. ఆహారపు దారి మాత్రం కిందికీ, పైకీ కూడా. గంటకు సుమారు ఒక మీటరు దూరం పోతుంది.

ఈ పాకాన్ని మీరు చూసే ఉంటారు. తాటి గెల కోసి ముంత కడితే కారే నీరా ఇదే. తాటి బెల్లం వండేది దీనితోనే. పేనుబంక పట్టిన చిక్కుడు తీగను ముట్టుకోండి. జిగురుగా ఉంటుంది. చీమలు చేరుతాయి. పేను ఈ తీపి రసాన్నే పీల్చి, ఎక్కువైనది విసర్జిస్తుంది. చీమలు దానికోసమే వస్తాయి. పేను పట్టిన మొక్క ఎందుకు గిడసబారుతుందో తెలిసింది కదా! వేరుకూ, కాయకూ పోవలసిన కూడు పేను నోట్లోకి పోతోంది.

నేరేడు సంగతి తేలింది

టీచరమ్మ పలక మీద చెట్టు బొమ్మ గీసింది. చెక్కలో పైకి బాణం గీసింది. బెరడులో కిందికి బాణం గీసింది. తర్వాత మొదలు చుట్టూ బెరడును చెరిపేసింది.

"ఇప్పుడు చెప్పండి అక్కా. ఏ దారి తెగింది?"

కోడలు బొమ్మను చాలాసేపు చూసింది. మెల్లగా చెప్పసాగింది.

"చెక్క ఉంది. కాబట్టి నీళ్ళు పైకి ఎక్కాయి. అందుకే ఆకు పచ్చగా ఉంది. బెరడు లేదు. కాబట్టి కూడు కిందికి దిగలేదు. వేరుకు తిండి లేదు."

"మరి ఆ ఏడు అంత కాపు ఎందుకు కాసింది?"

"కిందికి పోయే కూడు పైనే నిలిచిపోయింది. కాయలకు చేరింది."

"తర్వాత?"

"వేరు తన దగ్గర దాచుకున్నది కొన్నాళ్ళు తింది. అది అయిపోయాక పస్తు పడింది. వేరు చచ్చాక నీళ్ళు తాగేది ఎవరు? చెట్టు ఎండింది." కోడలు గొంతు మారింది. "దిష్టి కాదు టీచరమ్మా. బెరడు. పక్కింటి అత్తయ్య ఎక్కువ కాపు చూసి ఒక మంచి మాట అంది. అప్పటికే చెట్టు చావు మొదలైంది."

బెరడు వలయంగా తీస్తే పైవైపు మాను ఉబ్బుతుంది. కింది వైపు ఉబ్బదు. ఇటలీ దేశంలో మాల్పీగీ అనే వైద్యుడు ఈ సంగతిని 17వ శతాబ్దంలోనే గమనించాడు. ఆహారం ఆకు నుంచి బెరడు గుండా దిగుతోందని, గాటు దగ్గర ఆగిపోతోందని అలా తెలిసింది.

మామిడి మెడలో తీగ

"పైవైపు ఉబ్బుతుంది" అన్న మాట కోడలి మనసులో పడింది. ఇంటికి రాగానే లాంతరు పట్టుకుని మామిడి చెట్టు దగ్గరికి వెళ్ళింది.

నాలుగేళ్ళ కింద బట్టలు ఆరేయడానికి ఆ చెట్టుకు ఇనుప తీగ చుట్టారు. చెట్టు లావెక్కింది. తీగ సాగదు కదా! అది బెరడులోకి దిగిపోయింది. తీగకు పైవైపు మాను బుడిపెలా ఉబ్బి ఉంది. కింద సన్నగానే ఉంది.

"అత్తయ్యా, ఒకసారి రండి. ఇది చూడండి."

అత్త వచ్చింది. కోడలు తడిమి చూపించింది. పలక మీద బొమ్మ గీసి రెండు దారుల సంగతీ చెప్పింది. అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఆ మామిడి పండ్ల డబ్బుతోనే మనవరాలి చదువు నడుస్తోంది.

"నేరేడుకు జరిగిందే దీనికీ జరుగుతోందా?" అంది చివరికి.

"ఇంకా పూర్తిగా తెగలేదు అత్తయ్యా. ఒక పక్క బెరడు బాగానే ఉంది."

తెల్లారగానే కటింగ్ ప్లయర్ తెచ్చారు. తీగను మూడు చోట్ల కత్తిరించారు. ఊడి వచ్చిన ముక్కలు తీశారు. లోపలికి దిగిపోయిన ముక్కను లాగలేదు. లాగితే దానితో పాటు ఉన్న బెరడు కూడా లేచిపోతుంది. దాన్ని అలాగే వదిలేశారు. బట్టల తీగకు రెండు గుంజలు పాతారు.

ఆ సాయంత్రం అత్త గోడ దగ్గరికి వెళ్ళింది.

"వదినా!" అని పిలిచింది.

పక్కింటావిడ తలెత్తి చూసింది. మూడేళ్ళ తర్వాత విన్న పిలుపు అది.

"బెరడు చెక్కనిచ్చింది నేను. మాట పడింది నువ్వు. తప్పు నాదే" అంది అత్త.

పక్కింటావిడ వెంటనే ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తలుపు తీసింది. "లోపలికి రా వదినా" అంది.

ఇప్పుడు మామిడి చెట్టు గాటు మెల్లగా పూడుతోంది. ఊళ్ళో ఎవరైనా దిష్టి మాట ఎత్తితే ముందుగా అడ్డుకునేది అత్తే. "ముందు మొదలు చూడండి. బెరడు ఉందో లేదో చూడండి" అంటుంది.

మనం చేయవలసినవి

1. చెట్టు చుట్టూ తీగ, తాడు, ప్లాస్టిక్ నవారు బిగించి వదలకూడదు. కట్టినవి ఉంటే ఈ రోజే విప్పాలి.

2. లేత చెట్లకు పశువులను కట్టకూడదు. మేకలు బెరడు కొరకకుండా ముళ్ళ కంచె వేయాలి.

3. చెట్టు చుట్టూ బెరడు తీయకూడదు. తప్పనిసరైతే ఒక పక్క, నిలువుగా, చిన్న ముక్క మాత్రమే తీయాలి. షుగరు జబ్బుకు డాక్టరు ఇచ్చిన మందు మానకూడదు.

4. మెట్ట పైర్లలో నీళ్ళు నిలవనీయకూడదు. వేరుకు గాలి అందకపోతే నీళ్ళు తాగలేదు. నీళ్ళలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. వరి వేరు. దాని కాడలో గాలి దారులు ఉంటాయి. వాటి గుండా వేరుకు గాలి అందుతుంది.

5. ఎరువు తడి నేలలో, మొదలుకు కాస్త దూరంగా వేయాలి.

ఇంకో సంగతి. తెలివిగా వాడుకుంటే ఈ గాటు మేలు కూడా చేస్తుంది. దానిమ్మ, నిమ్మ, జామ చెట్లలో ఒక చిన్న కొమ్మకు ఉంగరంలా బెరడు తీస్తారు. అక్కడ తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుడతారు. ఆకు పంపిన ఆహారం గాటు పైన ఆగుతుంది. అక్కడ కొత్త వేర్లు పుడతాయి. ఆ కొమ్మను కోసి నాటితే కొత్త మొక్క అవుతుంది. దీన్ని గాలి అంటు అంటారు. కొమ్మకు పెడితే మొక్క పుడుతుంది. మానుకు పెడితే చెట్టు చస్తుంది.

తాటి, కొబ్బరి చెట్ల తీరు వేరు. వాటిలో రెండు దారులూ కలిసి కట్టలుగా మానంతా చెదిరి ఉంటాయి. అందుకే వాటికి ఒలిచే బెరడు ఉండదు.

చేసి చూడండి

ఎండ వేళ ఆకులున్న చిన్న కొమ్మకు ప్లాస్టిక్ సంచి తొడగండి. మూతి దారంతో కట్టండి. రెండు గంటల తర్వాత చూడండి. సంచి లోపల ఏం కనిపించింది? అది ఎక్కడి నుంచి వచ్చింది? తర్వాత సంచి తీసేయడం మరవకండి.

ఖాళీలు నింపండి

1. నీళ్ళు పైకి ఎక్కే దారి ............ లో ఉంటుంది.
2. ఆకు తయారు చేసిన ఆహారం ............ లోపలి పొర గుండా వెళుతుంది.
3. ఆకు అడుగున ఉండే చిన్న నోళ్ళను ............ అంటారు.
4. వేరు చివర ఉండే సన్నని పోగులను ............ అంటారు.

కలిసి మాట్లాడుకోండి

1. తొర్ర పడిన చెట్టు బతికింది. బెరడు పోయిన చెట్టు చచ్చింది. ఎందుకు?
2. నారును మధ్యాహ్నం ఎండలో నాటితే ఏమవుతుంది?
3. మీ ఊళ్ళో చెట్టు ఎండినా, పశువు చచ్చినా, బిడ్డకు జబ్బు చేసినా ఎవరి మీదైనా నింద వేశారా? అసలు కారణం ఏమిటో ఎవరైనా వెతికారా?
4. మీ ఇంటి చుట్టూ ఉన్న చెట్ల మొదళ్ళు చూసి రండి. ఏం కనిపించిందో నాలుగు వాక్యాలు రాయండి.